ట్రాక్‌మేనియాలో స్టంట్లు: ర్యాంపు అంచు దాటేలోపే తేలిపోయే ఆట

ట్రాక్‌మేనియా అనే కార్ల రేసింగ్ వీడియో గేమ్‌లో కారు గాల్లోకి లేచాక మన చేతిలో మిగిలేది ఒక్క బ్రేకే. ఎంత దూరం ఎగురుతుంది, ఎటు తిరిగి దిగుతుంది, దిగాక వేగం నిలుస్తుందా పోతుందా అన్నవన్నీ ర్యాంపు అంచు దాటేలోపే తేలిపోతాయి. కొత్తగా ఆడేవాళ్ళు తప్పును ల్యాండింగ్‌లో వెతుకుతారు. అసలు తప్పు అంతకు రెండు సెకన్ల ముందు, కారు కాస్త వంకరగా ర్యాంపు ఎక్కినప్పుడే జరిగిపోయి ఉంటుంది.

ఫ్రాన్స్‌లోని నాదియో స్టూడియో 2003లో ఈ సిరీస్ మొదలుపెట్టింది, 2009లో యూబీసాఫ్ట్ ఆ స్టూడియోను కొనేసింది. ఇప్పుడు ఆడుతున్న ట్రాక్‌మేనియా 2020 జూలైలో పీసీకి, 2023 మేలో ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ వచ్చింది. ప్లేస్టేషన్ 4, 5 రెండింటిలోనూ, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ అన్నిట్లోనూ నడుస్తుంది. డౌన్‌లోడ్ ఉచితం. యూబీసాఫ్ట్ అకౌంటు తప్పనిసరి. పూర్తి ఆట కావాలంటే క్లబ్ చందా కట్టాలి, కానీ ఇక్కడ చెప్పే మొదటి పాఠాలు నేర్చుకోవడానికి ఉచితంగా వచ్చే ట్రాకులే చాలు.

ఆట గురించి ముందే తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, ఇతర ఆటగాళ్ళ కార్లు మిమ్మల్ని గుద్దవు. అవి నీడల్లా మీలోంచి దూసుకుపోతాయి. మీ పోటీ గడియారంతోనే, అది సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కపెడుతుంది. రెండోది, ఈ ఆటలో అదృష్టం లేదు. సరిగ్గా అదే క్షణాన అవే బటన్లు అంతే నొక్కితే కారు ప్రతిసారీ సరిగ్గా అక్కడే దిగుతుంది. "ఈసారి ఎందుకో ఎగిరిపడింది" అనిపిస్తే, ఏదో ఒకటి మీరు వేరుగా చేశారన్నమాట. చిరాకు పెట్టే సంగతే అయినా, సాధనకు ఇంతకంటే మంచి వార్త లేదు.

టీవీ, కంట్రోలర్, కరెంటు

ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి. సినిమాలకు వాడే పిక్చర్ మోడ్‌లో టీవీ ప్రతి బొమ్మకూ మెరుగులు దిద్ది ఆలస్యంగా చూపిస్తుంది. గంటకు 360 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 100 మీటర్లు. టీవీ సెకనులో పదో వంతు ఆలస్యం చేసినా, మీరు తెర మీద చూస్తున్న కారు నిజానికి అప్పటికే 10 మీటర్లు ముందుకెళ్ళిపోయి ఉంటుంది. గేమ్ మోడ్ పెట్టకుండా బ్రేక్ ఎప్పుడు నొక్కాలో నేర్చుకుంటే, టీవీ మార్చిన రోజు అదంతా మళ్ళీ నేర్చుకోవాలి. మోషన్ స్మూతింగ్ లాంటివి విడిగా ఉంటే వాటినీ ఆపేయండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం వెనకబడుతుంది. ఇంజిను శబ్దం విని గేరు ఎప్పుడు మారిందో పట్టుకోవాలి కాబట్టి, కంట్రోలర్‌కే వైరుతో తగిలించే ఇయర్‌ఫోన్లు మేలు.

కంట్రోలర్ సెట్టింగుల్లో డెడ్‌జోన్, అంటే స్టిక్ మధ్య దగ్గర కదిలినా ఆట పట్టించుకోని భాగం, ఎంత ఉందో చూడండి. స్టిక్ మధ్యలో ఉన్నా కారు మెల్లగా ఒక పక్కకు లాగుతుంటే డెడ్‌జోన్ కొంచెం పెంచాలి. మరీ పెంచితే చిన్న చిన్న సవరణలు కారుకు అందవు. లాగుడు ఆగిన చోట ఆపేయండి. పాత కంట్రోలర్లలో స్టిక్ అరిగి ఈ జబ్బు ఎక్కువ. డీ-ప్యాడ్‌తో కూడా నడపొచ్చు, కానీ అది నొక్కితే స్టీరింగ్ పూర్తిగా తిరుగుతుంది, సగం అనేది ఉండదు. మొదట స్టిక్‌తోనే నేర్చుకోండి.

యాక్సిలరేటర్‌ని ట్రిగ్గర్ మీద కాకుండా ప్లేస్టేషన్‌లో క్రాస్ బటన్ మీదో, ఎక్స్‌బాక్స్‌లో ఏ బటన్ మీదో పెట్టుకునేవాళ్ళు చాలామంది. ఈ ఆటలో యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలి మళ్ళీ నొక్కే పని తరచూ పడుతుంది. వేలు ట్రిగ్గర్ మీద కంటే బటన్ మీద త్వరగా కదులుతుంది. బ్రేక్ మాత్రం వేరే చేతి వేలికి ఇవ్వండి, రెండూ ఒకే బొటనవేలి కింద ఉంటే డ్రిఫ్ట్ (కారును పక్కకు జార్చడం) మొదలుపెట్టడం నరకం.

ఇంకో రెండు బటన్లు గుర్తుపెట్టుకోండి: ట్రాకును మొదటినుంచీ మొదలుపెట్టేది, చివరి చెక్‌పాయింట్‌కి (దారిలో తప్పక దాటాల్సిన గుర్తుకి) తెచ్చేది. చెక్‌పాయింట్ బటన్ ఒకసారి నొక్కితే మీరు ఆ చెక్‌పాయింట్ దాటినప్పటి వేగంతోనే కారు మళ్ళీ బయల్దేరుతుంది. వెంటనే రెండోసారి నొక్కితే నిలబడిన చోటునుంచి మొదలవుతుంది. కష్టమైన ర్యాంపును పదేపదే సాధన చెయ్యాలంటే ఒక్క నొక్కుడే వాడండి, లేకపోతే ర్యాంపు దగ్గరికి వచ్చేసరికి వేగం వేరుగా ఉండి ఆ సాధన ఎందుకూ పనికిరాదు.

కరెంటు పోయే ఊళ్ళో ఉంటే ఇంటి ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే వ్యవధికి ఫ్యాన్లు, లైట్లు ఓర్చుకుంటాయి, కన్సోల్ మాత్రం ఆరిపోయే అవకాశం ఉంది. రౌటర్ కూడా ఇన్వర్టర్ లైనులోనే ఉండాలి.

ర్యాంపు

అసలు పని ఇక్కడే. ర్యాంపుకు ముందు మూడు విషయాలు కుదరాలి: కారు తిన్నగా ఉండాలి, స్టీరింగ్ సున్నాలో ఉండాలి, వేగం సరిపోవాలి.

ర్యాంపు కనిపించగానే దాని మధ్య గీతకు కారును తెచ్చేసుకోండి. చివరి సెకనులో స్టిక్ ముట్టుకోకూడదు. ఆ చివరి సెకనులో చేసిన చిన్న సవరణ గాల్లో పెద్ద తిరుగుడై బయటపడుతుంది. అంచు దగ్గర కారుకు ఎంత మెలిక ఉంటే అది గాల్లోనూ అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది, ఆపడానికి కింద నేల లేదు. ఎడమ చక్రాలు ర్యాంపు మీద, కుడి చక్రాలు బయట ఉన్నట్టు ఎక్కితే కారు పక్కకు పల్టీ కొడుతుంది. దాన్ని కాపాడటం కంటే రీస్టార్ట్ నొక్కడం చవక.

ముక్కు పైకి లేస్తుందా కిందికి వాలుతుందా అన్నది ర్యాంపు ఆకారాన్ని బట్టి ఉంటుంది. పైకి వంపు తిరిగిన ర్యాంపు ముక్కును పైకి తిప్పి వదులుతుంది. చదునైన రోడ్డు అంచునుంచి కిందికి దూకేటప్పుడు ముందు చక్రాలు ఖాళీలోకి వెళ్ళినా వెనక చక్రాలు ఇంకా రోడ్డు మీదే ఉంటాయి కాబట్టి ముక్కు కిందికి వాలుతుంది. వేగం తక్కువైతే ఆ వాలే సమయం ఎక్కువ, అందుకే నెమ్మదిగా దూకిన కారు ముక్కు మీద పడుతుంది.

ఇప్పుడు మనకు మిగిలిన ఒకే ఒక ఆయుధం. గాల్లో బ్రేక్ తడితే కారు తిరగడం ఆగిపోతుంది. ముందుకు వెళ్ళే వేగం తగ్గదు, తిరుగుడు మాత్రమే ఆగుతుంది. కారు కోణం ల్యాండింగ్ వాలుకు సమాంతరంగా వచ్చిన క్షణాన తట్టాలి. అంతకంటే ముందు తడితే ముక్కు ఇంకా పైనే ఉండిపోతుంది, ఆలస్యమైతే ముక్కు కిందకి పోయాక ఆగుతుంది. ఒకటి మర్చిపోవద్దు: నేల తాకేముందు బ్రేక్ వదిలెయ్యాలి. నొక్కిపట్టుకుని దిగితే అప్పటిదాకా కాపాడుకున్న వేగమంతా అక్కడే పోతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. చదునైన రోడ్డు చివర అంచు ఉంది, కింద దిగుడు వాలు ఉంది, వాలు అయిపోగానే ఎడమ మలుపు. నేరుగా దూకి, వాలు మీద దిగి, అప్పుడు ఎడమకు తిప్పేవాళ్ళకు ఆ మలుపులో చోటు చాలదు, గోడకు రాసుకుంటారు. తెలిసినవాళ్ళు చివరి సెకను నియమాన్ని కావాలనే దాటి ఇలా చేస్తారు: అంచుకు చేరేముందు రోడ్డు కుడి పక్కకు వస్తారు, అంచు దాటే క్షణంలో స్టిక్‌ను ఎడమకు కొద్దిగా, నిజంగానే కొద్దిగా, తడతారు. కారు గాల్లో మెల్లగా ఎడమకు తిరుగుతుంది. ముక్కు మలుపు వైపు చూసిన వెంటనే బ్రేక్ తట్టి తిరుగుడు ఆపి, స్టిక్ మధ్యకు తెచ్చి, యాక్సిలరేటర్ నొక్కిపట్టే దిగుతారు. చక్రాలు నేల తాకేసరికే మలుపు సగం అయిపోయి ఉంటుంది. ఇది పైకి చిన్నదిగా కనిపిస్తుంది కానీ బంగారు మెడల్‌కీ దానిపైన ఉండే ఆథర్ మెడల్‌కీ మధ్య తేడా చాలా ట్రాకుల్లో ఇలా ఒక్కసారి దూకడంలోనే ఉంటుంది.

దిగేటప్పుడు స్టిక్ తిప్పి ఉంచితే చక్రాలు నేల తాకగానే కారు ఒక్కసారిగా పక్కకు విసురుతుంది. గాల్లో కంగారుపడి స్టిక్ తిప్పేవాళ్ళందరికీ జరిగేది ఇదే. గాల్లో స్టిక్ తిప్పితే కారు తిరగదు, చక్రాలు మాత్రమే తిరుగుతాయి. దానికి మినహాయింపు రోడ్డు మీద ఉండే రియాక్టర్ బూస్ట్ గడి. దాని మీదుగా వెళ్ళాక కొద్దిసేపు గాల్లో కూడా కారు స్టిక్ మాట వింటుంది.

వేగం మరీ ఎక్కువైతే కారు దిగుడు వాలును దాటేసి ఆవలి చదును నేల మీద పడుతుంది. వాలు మీద దిగితే మెత్తగా జారే కారు, చదును మీద పడితే ఎగిరి మళ్ళీ దూకుతుంది, గేరు పడిపోతుంది. గేరు పడితే మళ్ళీ ఎక్కేటప్పుడు ప్రతి మార్పుకూ ఇంజిను క్షణకాలం లాగడం ఆపుతుంది, కాబట్టి ఒక్క చెడ్డ ల్యాండింగ్ నష్టం తర్వాతి చెక్‌పాయింట్ దాకా వెంటాడుతుంది. ఇలాంటి చోట ర్యాంపుకు ముందు యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదలడమే వేగవంతమైన దారి. వేగం చూపించే అంకెను అంచు దగ్గర చదవడం అలవాటు చేసుకోండి. "బాగా దిగినప్పుడు ఎంత ఉంది, ఎగిరిపడ్డప్పుడు ఎంత ఉంది" అన్న రెండు అంకెలు తెలిస్తే ఆ ర్యాంపు మీ చేతికి వచ్చినట్టే.

మలుపులు, డ్రిఫ్ట్

మలుపుల్లో వాడే పద్ధతులు మూడు, కష్టం పెరిగే క్రమంలో.

మొదటిది యాక్సిలరేటర్ వదలడం. మలుపు కొంచెం ఎక్కువ వంకరగా ఉంటే స్టీరింగ్ తిప్పి, అర సెకను యాక్సిలరేటర్ వదిలి, మళ్ళీ నొక్కండి. ముక్కు లోపలికి లాగుతుంది. బ్రేక్ అక్కర్లేదు. తేలికైన తెలుపు, ఆకుపచ్చ ట్రాకుల్లో చాలా మలుపులకు ఇది చాలు.

రెండోది బ్రేక్ డ్రిఫ్ట్. తారు రోడ్డు మీద వేగంగా వస్తూ, మలుపు మొదలయ్యే చోటికి కాస్త ముందే స్టిక్ పూర్తిగా మలుపు వైపు తిప్పండి. యాక్సిలరేటర్ వదలకుండానే బ్రేక్ ఒక్కసారి తట్టండి. వెనక భాగం జారడం మొదలై రోడ్డు మీద నల్ల చారలు పడతాయి. అప్పుడు బ్రేక్ వదిలి, స్టిక్‌తో కోణాన్ని సర్దుకుంటూ యాక్సిలరేటర్ మీదే ఉండండి. బయటికి రావడానికి స్టిక్ మధ్యకు తెస్తే చక్రాలకు మళ్ళీ పట్టు దొరుకుతుంది. బ్రేక్ తట్టాలి, తొక్కకూడదు. తొక్కితే జారుతుంది కానీ వేగం సగానికి పడుతుంది. తట్టినా జారడం మొదలవ్వలేదంటే స్టిక్ ఇంకా పూర్తిగా తిరగలేదు, లేదా వేగం చాలలేదు. డ్రిఫ్ట్ చూడ్డానికి అందంగా ఉంటుందని అవసరం లేని మలుపుల్లో కూడా వాడేవాళ్ళున్నారు. జారినంతసేపూ తక్కువ వేగాల్లో నష్టమే తప్ప లాభం లేదు.

మూడోది స్పీడ్‌స్లైడ్, ఈ ఆటలోని వింత. తారు రోడ్డు మీద వేగం గంటకు 400 కిలోమీటర్లు దాటాక, కారును తిన్నగా నడపడం కంటే చిన్న కోణంలో పక్కకు జారిస్తేనే వేగం త్వరగా పెరుగుతుంది. తిన్నటి రోడ్డు మీద కూడా మంచి ఆటగాళ్ళ కార్లు పాములా జారుతూ వెళ్ళడానికి కారణం ఇదే. ఒక పక్కకు తిప్పి జారడం మొదలవ్వగానే స్టిక్‌ను కొంత వెనక్కి తెచ్చి ఆ చిన్న కోణంలో పట్టి ఉంచాలి. స్టిక్ పూర్తిగా తిప్పే ఉంచితే కోణం ఎక్కువై వేగం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ఒక పక్క రోడ్డు అయిపోతుంటే రెండో పక్కకు మార్చాలి. 400 లోపల ఇది చేస్తే నష్టపోతారు, కాబట్టి నేర్చుకునేటప్పుడు కళ్ళు వేగం అంకె మీదే ఉండాలి.

గోడలు, లూపులు

గోడ మీద నడపడం అంటే జాతరల్లో చెక్క బావి లోపల బైకు తిప్పేవాళ్ళు చేసే పనే, వేగమే కారును గోడకు అదిమి ఉంచుతుంది. గోడ మీదికి నేరుగా దూసుకెళ్ళకండి, మెల్లని కోణంలో ఎక్కండి. ఎక్కాక స్టిక్‌ను పై అంచు వైపు కొద్దిగా పట్టి ఉంచాలి, లేకపోతే కారు క్రమంగా కిందికి జారుతుంది. దిగేటప్పుడు కూడా అదే మెల్లని కోణం, నాలుగు చక్రాలూ దాదాపు ఒకేసారి రోడ్డును తాకాలి. గోడ మీద డ్రిఫ్ట్ మొదలైందంటే ఆ ప్రయత్నం అయిపోయినట్టే.

లూపులో, అంటే నిలువుగా గుండ్రంగా తిరిగే రోడ్డులో, ఎక్కే వరస, దిగే వరస పక్కపక్కన ఉంటాయి కాబట్టి తిరిగినంతసేపూ ఒక వైపు కొంచెం స్టీరింగ్ కావాలి. అది మొదటినుంచీ చివరిదాకా ఒకేలా ఉండాలి. నడినెత్తిన తలకిందులుగా ఉన్నప్పుడు ఎడమ కుడి తారుమారైనట్టు అనిపించి స్టిక్ అటు తిప్పేస్తారు. కారు వెనకనుంచి చూపించే కెమెరాలో ఎడమ ఎప్పుడూ ఎడమే. పైనుంచి ఊడిపడుతున్నారంటే తప్పు లూపులో లేదు, దాని ముందున్న టర్బోను (వేగం పెంచే గడిని) సరిగ్గా అందుకోలేదు.

నేల మారితే

మట్టి మీద బ్రేక్ చిన్నగా తడితే చాలు జారుతుంది, మలుపు ముందే మొదలుపెట్టాలి. గడ్డి మీద కారు బాగా జారుతుంది, అక్కడ గట్టిగా తిప్పడమంటే అదుపు వదులుకోవడమే. మంచు మీద కారు పాత దిశలోనే పోతూ ఉంటుంది. ముక్కును చాలా ముందుగా మలుపులోకి తిప్పి ఓపిగ్గా ఎదురుచూడాలి. మంచు దాటి తారు ఎక్కాక కూడా చక్రాలకు అంటిన మంచు కొద్దిసేపు పట్టు ఇవ్వదు. నీళ్ళలోంచి వచ్చినా అంతే, తడి ఆరేదాకా మామూలు మలుపు కూడా మామూలుగా తిరగదు. మంచు తర్వాత వచ్చే మొదటి ర్యాంపు దగ్గర జనం పడిపోవడానికి కారణం ఇది.

రోడ్డు మీద పసుపు రంగుది టర్బో, ఎర్రది సూపర్ టర్బో. ఇంజిన్ ఆఫ్ గడి దాటాక యాక్సిలరేటర్ పనిచెయ్యదు, ఉన్న వేగాన్నే కాపాడుకోవాలి, స్టీరింగ్ ఎంత తక్కువ తిప్పితే అంత మంచిది. స్టీరింగ్ పనిచెయ్యని గడి ముందు కారు తిన్నగా లేకపోతే ఇక చేసేదేమీ లేదు. క్రూయిజ్ కంట్రోల్ మీరు ఏ వేగంతో దాటితే ఆ వేగాన్నే పట్టి ఉంచుతుంది, కాబట్టి దానికి ముందు సంపాదించిన ప్రతి కిలోమీటరూ లెక్కలోకి వస్తుంది. రీసెట్ గడి వీటన్నిటినీ తీసేస్తుంది.

టైము తగ్గించడం

ఆట తయారీదార్లు ఇచ్చే ట్రాకుల వరస క్యాంపెయిన్. అందులో 25 ట్రాకులుంటాయి, కష్టం పెరిగే క్రమంలో ఐదేసి చొప్పున తెలుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. ఏటా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1న కొత్తవి వస్తాయి. ప్రతి ట్రాకుకూ కంచు, వెండి, బంగారు మెడళ్ళు, వాటి పైన ఆథర్ మెడల్ ఉంటాయి. ఆథర్ అంటే ట్రాకు తయారుచేసినవాళ్ళు పెట్టిన టైము. మామూలుగా మిగతావి దాన్నిబట్టే వస్తాయి: బంగారానికి ఆథర్ టైము కంటే సుమారు 6 శాతం, వెండికి 20 శాతం, కంచుకు 50 శాతం ఎక్కువ. ఆథర్ టైము 30 సెకన్లయితే బంగారం దాదాపు 32 సెకన్లు. అంటే కంచునుంచి బంగారానికి పెద్ద తప్పులు మానేస్తే చాలు, బంగారంనుంచి ఆథర్‌కి ప్రతి మలుపులోనూ కొంచెం కొంచెం కోసుకురావాలి.

ట్రాకును ముందు ఒకటి రెండుసార్లు మెల్లగా చివరిదాకా నడిపి చూడండి. ఆ తర్వాత ఘోస్ట్, అంటే ఇంకొకరి పరుగును నీడలా మీ పక్కనే చూపించే కారు, పెట్టుకోండి. ఇక్కడ అందరూ ప్రపంచ రికార్డు ఘోస్ట్ పెడతారు, అది మూడో సెకనుకే కనబడకుండా పోతుంది, నేర్చుకునేదేమీ ఉండదు. మీకంటే ఒకటి ఒకటిన్నర సెకన్లు ముందున్నవాళ్ళ ఘోస్ట్ పెట్టుకుంటే అది చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది, ఎక్కడ దూరమవుతుందో అక్కడే మీ తప్పు ఉంది. దేశాల వారీ పట్టిక తెరిస్తే మన దగ్గర ఆడేవాళ్ళలో మీ స్థాయివాళ్ళు సులభంగా దొరుకుతారు. రికార్డు ఘోస్ట్‌ను నడుపుతూ వెంబడించకుండా విడిగా రీప్లేలా చూడండి, ర్యాంపుకు ఎటు పక్కనుంచి వస్తున్నారో గమనించండి.

మొదటి మలుపు పాడైతే వెంటనే రీస్టార్ట్ చెయ్యాలా? టైము కోసం ఆడేటప్పుడు చెయ్యాలి, నేర్చుకునేటప్పుడు చెయ్యకూడదు. ప్రతి చిన్న తప్పుకూ రీస్టార్ట్ కొట్టేవాళ్ళకు మొదటి పది సెకన్లు కంఠతా వచ్చి, చివరి పది సెకన్లు ఎప్పటికీ కొత్తగానే ఉంటాయి. చివరి ర్యాంపు దగ్గరికి మంచి టైముతో మొదటిసారి వెళ్ళినప్పుడు చేతులు వణికేది అందుకే. ముందు చివరి చెక్‌పాయింట్‌నుంచి ఆ ర్యాంపును చేతికి వచ్చేదాకా దూకి, తర్వాతే టైము వేటలోకి దిగండి.

స్నో, ర్యాలీ, డెసర్ట్ అనే పాత కార్లు కూడా 2023 నవంబరు నుంచి ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. కొన్ని ట్రాకుల్లో మధ్యలోనే కారు మారుతుంది. ఒక్కోదానికి పట్టు వేరు, బ్రేక్ వేరు. మామూలు స్టేడియం కారులో నీలం ట్రాకులు బంగారంతో అయ్యేదాకా వాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది.

నీలం దాటాక రోజువారీ పోటీలో దిగొచ్చు. ప్రతిరోజూ పారిస్ టైము సాయంత్రం 7 గంటలకు ఆటగాళ్ళు తయారుచేసిన కొత్త ట్రాకు ఒకటి వస్తుంది, మన టైములో వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. ట్రాకు తెరుచుకున్నాక 15 నిమిషాల్లో మీ మంచి టైము పెట్టాలి, దాన్నిబట్టి 64 మంది చొప్పున గుంపులు చేసి, రౌండు రౌండుకూ వెనకబడ్డవాళ్ళను తీసేస్తూ పోతారు. ఆ 15 నిమిషాల్లో మొదటి ఐదు ట్రాకు చివరిదాకా వెళ్ళడానికే వాడండి. నాకౌట్‌లో ప్రమాదకరమైన ర్యాంపు దగ్గర కొంచెం తగ్గి, నాలుగు చక్రాల మీద దిగినవాళ్ళే ఎక్కువ రౌండ్లు నిలుస్తారు.